ఎండాకాలంలో పెద్ద గ్రాఫిక్స్ కార్డుని చల్లగా నడిపించడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, పెద్ద కార్డు కొన్నవాళ్ళందరి నోటా ఒకటే ప్రశ్న: "నా కార్డు 84 డిగ్రీలు చూపిస్తోంది, పేస్ట్ మార్చాలా?" పదిమంది అడిగితే అందులో చాలామందికి ఆ అవసరమే ఉండదు. పేస్ట్ అంటే చిప్పుకీ దాని వేడి లాగే లోహానికీ మధ్య పూసే మెత్తటి పూత, దాన్ని మార్చడం అనేది ఆఖరి పని, మొదటి పని కాదు. ముందు కొలవాలి, తర్వాత కార్డు పుట్టించే వేడినే తగ్గించాలి, ఆ తర్వాత కేస్‌లో, అంటే కంప్యూటర్ డబ్బాలో, గాలి సంగతి చూస్కోవాలి, ఇవన్నీ అయ్యాక కూడా మాట వినకపోతే అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. ఈ వరస తప్పి నేరుగా కార్డు విప్పేసి వారంటీ పోగొట్టుకున్నవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే వాటిలో సగం కేసులు ఇంట్లో కుర్చీలోంచి లేవకుండా సాఫ్ట్‌వేర్‌లోనే తేలిపోయేవి.

ముందు అసలు వేడి ఎక్కడ పుడుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఎన్విడియా కంపెనీ కార్డు ఆర్‌టిఎక్స్ 4090 తీసుకుందాం, 2022 అక్టోబర్‌లో వచ్చింది, చిప్పు పేరు ఏడీ102, అందులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు, చిప్పు సైజు మాత్రం 608 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఆరు చదరపు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ. కార్డు మొత్తం 450 వాట్లు తాగుతుంది, అందులో మెమరీ వాటా, పవర్ సర్క్యూట్ వాటా తీసేసినా ఆ చిన్న చిప్పు మీదే 300 వాట్ల పైన పడుతుంది. మన వంటింట్లో ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు కదా, కానీ అది దాదాపు 250 చదరపు సెంటీమీటర్ల గిన్నె అడుగు మీద పరుచుకుంటుంది, అంటే చదరపు సెంటీమీటర్‌కి 8 వాట్లు. ఇక్కడ 50 వాట్లు. స్టవ్ కంటే ఆరు రెట్లు చిక్కటి వేడి, దాన్ని 80 డిగ్రీలు దాటకుండా బయటికి లాగాలి. కార్డు ఇటుకలా రెండు కిలోల పైన బరువు, మూడు స్లాట్ల మందం ఉండటానికి కారణం ఇదే, చిప్పూ బోర్డూ నిజానికి చాలా చిన్నవి, మిగతాదంతా హీట్‌సింకే, అంటే వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మె.

ఈ వేడి చిప్పు పైనుంచి పల్చటి పేస్ట్ పొర దాటి రాగి పలకలోకి వెళ్తుంది, ఖరీదైన కార్డుల్లో ఆ పలక వేపర్ ఛాంబర్ అయ్యుంటుంది, అంటే లోపల బోలుగా ఉండే రాగి డబ్బా, గాలి లాగేసి కొద్దిగా నీళ్ళు మాత్రం ఉంచి సీల్ చేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీళ్ళు తక్కువ వేడికే ఆవిరైపోయి చల్లగా ఉన్న వైపుకి వెళ్ళి అక్కడ మళ్ళీ నీళ్ళై గోడలకి అంటించిన రాగి పొడి పొరలోంచి ఇంకుతూ చిప్పు దగ్గరికి తిరిగొస్తాయి, పంపు లేదు కరెంటు లేదు, దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. హీట్ పైపుల్లో జరిగేదీ ఇదే. అక్కణ్ణుంచి వేడి అల్యూమినియం రెక్కల్లోకి, రెక్కల మధ్యనుంచి ఫ్యాన్ గాలిలోకి.

ఈ నీళ్ళ లెక్క ఎంత సున్నితమో ఇంకో కంపెనీ ఏఎండీ కార్డు ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టిఎక్స్ విషయంలో అందరం చూశాం. 2022 డిసెంబర్‌లో వచ్చిన రిఫరెన్స్ కార్డుల్లో (ఏఎండీ సొంత డిజైన్‌వి) కొన్నిట్లో హాట్‌స్పాట్, అంటే చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు, 110 డిగ్రీలు తాకి స్పీడు పడిపోయేది, చివరికి 2023 జనవరిలో కంపెనీయే చెప్పింది, కొన్ని కార్డుల వేపర్ ఛాంబర్‌లో సరిపడా నీళ్ళు లేవు, మార్చిస్తాం అని. అలాంటి కార్డుకి ఎంత మంచి పేస్ట్ పూసినా ఏం లాభం? అందుకే కొలవకుండా విప్పొద్దు అనేది.

గాలి దారి కూడా మారింది. పాత కార్డుల్లో ఫ్యాన్ గాలి రెక్కల మీద పడి బోర్డుకి గుద్దుకుని పక్కలకి చెదిరిపోయేది. 2020లో ఆర్‌టిఎక్స్ 3080తో ఎన్విడియా బోర్డుని పొట్టిగా చేసి ఒక ఫ్యాన్ గాలి నేరుగా రెక్కల్లోంచి దూసుకుని అవతలికి పోయేలా చేసింది, ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీల పెద్ద కార్డులకీ వెనక ప్లేట్‌లో ఆ ఖాళీ కనిపిస్తుంది. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టిఎక్స్ 5090 ఫౌండర్స్ ఎడిషన్‌లో (ఎన్విడియా తన సొంత డిజైన్‌తో అమ్మే కార్డు) అయితే బోర్డు మధ్యలో చిన్న ముక్కలా కూర్చుంటుంది, రెండు ఫ్యాన్ల గాలీ అటూ ఇటూ ఆరపారా పోతుంది, 575 వాట్లని రెండు స్లాట్ల మందంలోనే సర్దేశారు. ఇంజనీరింగ్ పరంగా ముచ్చటేసే డిజైన్. కానీ ఆ వేడి మాయమైపోదు కదా, మీ కేస్‌లోకే, సరిగ్గా సీపీయూ కూలర్ కిందకే వస్తుంది, ఈ సంగతి కేస్ దగ్గర మళ్ళీ చెప్తాను.

ఇంకో రెండు వేడి చోట్లున్నాయి, జనం మర్చిపోయేవి. ఒకటి మెమరీ. ఆర్‌టిఎక్స్ 3090లో 24 జీబీ మెమరీ కోసం ఒక్కో జీబీ చిప్పులు 24 వాడారు, 12 ముందు, 12 బోర్డు వెనక. వెనకవాటికి ఫ్యాన్ లేదు హీట్‌సింక్ లేదు, ప్లేటే దిక్కు, అందుకే ఆ కార్డుల్లో మెమరీ 100 దాటడం మామూలైపోయింది. 3090 టిఐకి రెండు జీబీల చిప్పులు రావడంతో పన్నెండూ ముందుకే వచ్చేశాయి, సమస్య తగ్గింది. సెకండ్ హ్యాండ్‌లో 3090 కొనేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి, ఏఐ మోడల్స్ నడుపుకోడానికి 24 జీబీ కోసం ఇప్పటికీ చాలామంది కొంటున్నారు. రెండోది పవర్ సర్క్యూట్. కేబుల్‌లో వచ్చే 12 వోల్టుల్ని చిప్పుకి కావాల్సిన ఒక వోల్టు చిల్లరకి దించుతుంది, ఒక వోల్టు దగ్గర 300 వాట్లంటే 300 ఆంపియర్లు, అందుకే చిప్పుకి రెండు వైపులా నల్లటి చోక్స్ (చిన్న కాయిల్ దిమ్మెలు) వరసగా పేర్చి ఉంటాయి.

ఇక కొలతలకి వద్దాం

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే, టెంపరేచర్లు చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేస్కోండి, సెన్సార్స్ ఓన్లీ మోడ్‌లో తెరవండి. ఇష్టమైన గేమ్, రే ట్రేసింగ్ (వెలుతురుని నిజంలా లెక్కగట్టి చూపించే పద్ధతి) ఉన్నదైతే మరీ మంచిది, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) లిమిట్ తీసేసి అరగంట ఆడండి. ఐదు నిమిషాల్లో తేల్చేయొద్దు, హీట్‌సింక్ పెద్దది, కేస్ లోపలి గాలి కూడా వేడెక్కాలి, అసలు నెంబర్ ఇరవై నిమిషాల తర్వాతే వస్తుంది. గది టెంపరేచర్ కూడా రాసుకోండి, ఇది చాలా ముఖ్యం, దీన్ని ఎవరూ రాసుకోరు.

చూడాల్సింది ఒక్క నెంబర్ కాదు, మూడు. జీపీయూ (కార్డులోని ప్రధాన చిప్పు) టెంపరేచర్, హాట్‌స్పాట్, మెమరీ జంక్షన్ (మెమరీ చిప్పుల లోపలి వేడి). మొదటిది 4090లో 75 లోపు ఉంటే ఏ దిగులూ లేదు, 80 దాటితే ఆలోచించాలి, దాని గరిష్ఠం 90. హాట్‌స్పాట్ అంటే చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు, ఇది మొదటిదానికంటే 10 నుంచి 15 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. తేడా 25 దాటిందంటే మాత్రం పేస్ట్ ఒక మూల నుంచి జరిగిపోయిందనో, హీట్‌సింక్ సమంగా కూర్చోలేదనో అర్థం. ఈ తేడాకి గది వేడితో పెద్దగా సంబంధం లేదు, ఎండాకాలమైనా చలికాలమైనా దాదాపు అంతే ఉంటుంది, కాబట్టి కార్డు ఆరోగ్యానికి నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దీన్నే. 50 సిరీస్‌లో ఎన్విడియా హాట్‌స్పాట్ చూపించడం ఆపేసింది, ఇది నాకస్సలు నచ్చలేదు, వాడేవాళ్ళ చేతిలోని మంచి పరికరాన్ని లాక్కున్నట్టే. మెమరీ విషయానికొస్తే జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 దగ్గర స్పీడు తగ్గించుకుంటుంది, 95 లోపు ఉంచగలిగితే నిశ్చింత.

ఇప్పుడు గది లెక్క. ఫారిన్ రివ్యూల్లో 65 డిగ్రీలు వచ్చింది నాకు 80 వస్తోంది కార్డు డిఫెక్టేమో అని భయపడేవాళ్ళు చాలామంది. ఆ రివ్యూలు సాధారణంగా 21, 22 డిగ్రీల గదిలో చేస్తారు. గాలితో చల్లబడే ఏ కార్డైనా గది కంటే ఇన్ని డిగ్రీలు పైన అన్న లెక్కలోనే నడుస్తుంది, అక్కడ 22 గదిలో 65 అంటే గది కంటే 43 పైన. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 38 ఉంటే అదే కార్డు అదే ఫ్యాన్ స్పీడులో 81 చూపిస్తుంది. కార్డు తప్పేం లేదు. మీ నెంబర్‌లోంచి గది టెంపరేచర్ తీసేసి అప్పుడు పోల్చుకోండి.

వేడి పుట్టడమే తగ్గించడం

నా దృష్టిలో ఇది మొత్తం గైడ్‌లో గుండెకాయ లాంటి భాగం, పైసా ఖర్చు లేదు, నచ్చకపోతే ఒక్క క్లిక్‌తో వెనక్కి వెళ్ళొచ్చు. చిప్పు తాగే పవర్ వోల్టేజ్‌కి వర్గంలో పెరుగుతుంది, క్లాక్‌కి, అంటే చిప్పు స్పీడుకి, మామూలుగా పెరుగుతుంది. అంటే 1050 మిల్లీవోల్టుల నుంచి 950కి దించి అదే క్లాక్ నడిపిస్తే చిప్పు తాగేది దాదాపు 18 శాతం తగ్గుతుంది. మరి కంపెనీ వాళ్ళే ఎందుకు దించలేదంటే లక్షల చిప్పులు తయారవుతాయి, అందులో బలహీనమైనది కూడా ఆగకుండా నడవాలి కాబట్టి అందరికీ కలిపి కాస్త ఎక్కువ వోల్టేజే ఇస్తారు. మీ చేతిలో ఉన్నది మంచి చిప్పైతే ఆ మిగులు అంతా వేడిగా పోతోందన్నమాట. ఇలా వోల్టేజ్ దించడాన్నే అండర్‌వోల్ట్ అంటారు.

ఓపిక లేనివాళ్ళకి చిన్న దారి ఉంది, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగ్స్ సాఫ్ట్‌వేర్ తెరిచి పవర్ లిమిట్ స్లైడర్ 100 నుంచి 70కి లాగి అప్లై కొట్టండి. 4090 అయితే 450 నుంచి 315 వాట్లకి వస్తుంది, ఎఫ్‌పీఎస్ తగ్గేది మాత్రం చాలా గేమ్స్‌లో పది శాతం లోపే. 135 వాట్లు గదిలోకి రాకుండా ఆగిపోయాయి. అన్ని కంపెనీల కార్డులకీ ఆఫ్టర్‌బర్నర్ పనిచేస్తుంది, ఎంఎస్ఐ కార్డే ఉండక్కర్లేదు.

ఇంకాస్త బాగా చెయ్యాలంటే కర్వ్. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఒక గ్రాఫ్ తెరుచుకుంటుంది, అడ్డంగా వోల్టేజ్, నిలువుగా క్లాక్, మధ్యలో చిన్న చిన్న చుక్కలు. గేమ్ కాసేపు ఆడి కార్డు వేడిగా ఉన్నప్పుడే ఈ పని చెయ్యండి, చల్లగా ఉన్నప్పుడు కర్వ్ కొన్ని మెట్లు పైకి జరుగుతుంది, ఎన్విడియా కార్డుల్లో ఒక్కో మెట్టు 15 మెగాహెర్ట్జ్. ముందు మెయిన్ విండోలో కోర్ క్లాక్‌ని మైనస్ 250 చేసి అప్లై కొట్టండి, గ్రాఫ్ మొత్తం కిందకి దిగుతుంది. ఇప్పుడు 950 మిల్లీవోల్టుల దగ్గరున్న ఒక్క చుక్కని పట్టుకుని 2600 మెగాహెర్ట్జ్ దాకా పైకి లాగి మళ్ళీ అప్లై. కొట్టగానే దాని కుడివైపున్న చుక్కలన్నీ అదే ఎత్తుకి వచ్చి గీత అడ్డంగా తిన్నగా అయిపోతుంది, అది కనబడితే సరిగ్గా చేసినట్టే, అంటే కార్డు ఇక 950 దాటి వోల్టేజ్ అడగదు. 3080, 3090 వాళ్ళు 850 మిల్లీవోల్టుల దగ్గర 1800తో మొదలుపెట్టండి. ఇవి మొదలుపెట్టడానికి చెప్పే నెంబర్లే, మీ చిప్పు ఎంత మోస్తుందో మీరే తేల్చుకోవాలి.

టెస్ట్ చెయ్యడంలో తొందరపడొద్దు. 3డీమార్క్ అనే టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ వే స్ట్రెస్ టెస్ట్ 20 రౌండ్లు నడుస్తుంది, 97 శాతం వస్తే పాస్. కానీ టెస్ట్ పాసై గేమ్‌లో పడిపోయేవి కూడా ఉంటాయి, ముఖ్యంగా రే ట్రేసింగ్, డీఎల్ఎస్ఎస్ (ఏఐతో బొమ్మని పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) రెండూ కలిసి నడిచేటప్పుడు, కాబట్టి వారం రోజులు మామూలుగా ఆడుకోండి. గేమ్ ఉన్నట్టుండి డెస్క్‌టాప్‌కి వచ్చేసినా, స్క్రీన్ ఒక్క సెకను నల్లబడి డ్రైవర్ రీసెట్ అయినా వోల్టేజ్ చాలట్లేదని అర్థం, 25 మిల్లీవోల్టులు పెంచండి లేదా క్లాక్ 30 తగ్గించండి. దీనివల్ల కార్డు పాడవ్వదు, తక్కువ వోల్టేజ్ వల్ల కాలిపోయేది ఏమీ ఉండదు. అంతా కుదిరాక ప్రొఫైల్ సేవ్ చేసి విండోస్ స్టార్టప్‌లో అప్లై అయ్యేలా టిక్ పెట్టండి, సేవ్ చేసేది మాత్రం వారం టెస్ట్ అయ్యాకే, లేకపోతే బూట్ అవ్వగానే క్రాష్ అయ్యి చిరాకు.

దీంతోపాటు ఎఫ్‌పీఎస్‌కి కళ్ళెం వెయ్యండి. మానిటర్ 144 హెర్ట్జ్ అయితే 200 ఫ్రేములు తీయడం దేనికి, ఎన్విడియా కంట్రోల్ పానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 141 పెట్టండి. పాత గేమ్స్ మెనూల్లో కార్డు వేలకొద్దీ ఫ్రేములు తీస్తూ కీచుమని అరుస్తుంది చూడండి, కాయిల్ వైన్ అంటారు, అది కూడా దీంతో చాలా వరకు తగ్గుతుంది.

గది గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కార్డు తాగిన ప్రతి వాటూ చివరికి మీ గదిలోనే వేడిగా తేలుతుంది, ఎంత మంచి లిక్విడ్ కూలర్ పెట్టినా ఇది మారదు. 4090 సిస్టమ్ మొత్తం 600 వాట్లు తాగితే, టన్ను ఏసీ సామర్థ్యం 3500 వాట్లు కాబట్టి అందులో ఆరో వంతు మీ పీసీకే పోతుంది. అండర్‌వోల్ట్ వల్ల వచ్చే అసలు సుఖం ఇదే, ఏసీ లేని ఇంట్లో అయితే ఆ సుఖం ఒంటికే తెలుస్తుంది.

ఫ్యాన్ కర్వ్ దగ్గర ఎక్కువ చెప్పేదేం లేదు, ఆఫ్టర్‌బర్నర్ సెట్టింగ్స్‌లో ఫ్యాన్ ట్యాబ్‌లో 60 డిగ్రీలకి 45 శాతం, 70కి 60, 80కి 85 పెట్టుకుంటే మన ఎండలకి సరిపోతుంది, హిస్టరిసిస్ (టెంపరేచర్ ఇంత దిగితేనే ఫ్యాన్ తగ్గాలి అనే సెట్టింగ్) అనే చోట 4 డిగ్రీలు ఇవ్వండి, లేకపోతే ఫ్యాన్ పెరుగుతూ తగ్గుతూ ప్రాణం తీస్తుంది.

కేస్, గాలి, దుమ్ము

ఒక చిన్న పరీక్ష, దీన్ని మించింది లేదు. అరగంట గేమ్ ఆడి నెంబర్ చూడండి, అలాగే నడుస్తుండగానే కేస్ పక్క గ్లాస్ తీసేసి ఇంకో పావుగంట ఆడండి. టెంపరేచర్ ఐదు డిగ్రీలో అంతకంటే ఎక్కువో పడిపోతే దోషం కేస్‌ది, కార్డుది కాదు, కార్డుకి తాజా గాలి అందట్లేదు. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే కేస్ బానే ఉంది.

దోషం కేస్‌దే అని తేలితే ముందు కేస్ ఎక్కడ పెట్టారో చూడండి. మన ఇళ్ళల్లో కంప్యూటర్ టేబుల్ అంటే సీపీయూకి చెక్క అర ఒకటి చేసిస్తారు, మూడు పక్కలా మూసి, వెనక వైరు పట్టేంత కన్నం మాత్రమే పెట్టి. పాతకాలం 60 వాట్ల పీసీలకి అది నడిచింది, 600 వాట్ల పీసీని అందులో పెడితే వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటూ ఉంటుంది. బయటికి తీసి బల్ల మీదో చిన్న స్టాండ్ మీదో పెట్టండి, గోడకి ఒక జానెడు దూరంలో. తర్వాత ముందు పానెల్, గ్లాస్ ఉంటే గాలి పక్కనున్న సన్నని సందుల్లోంచే రావాలి, మెష్ ఉన్న కేస్ దీనికంటే ఎన్నో రెట్లు నయం. ముందు మూడు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, పైన వెనక భాగంలో ఒకటో రెండో బయటికి. ఇందాక చెప్పిన ఆరపారా గాలి కార్డులకి ఆ పైన ఫ్యాన్ తప్పనిసరి, ఎందుకంటే కార్డు వదిలిన వేడి నేరుగా పైకే వస్తుంది.

కార్డు కింద ఖాళీ కూడా చూడండి, మూడున్నర స్లాట్ల కార్డు చిన్న కేస్‌లో పెడితే ఫ్యాన్లకీ పవర్ సప్లై కవర్‌కీ మధ్య రెండు వేళ్ళు కూడా పట్టవు. నిలువుగా గ్లాస్ వైపు తిప్పి పెట్టుకోవడం చూడ్డానికి బానే ఉంటుంది కానీ గ్లాస్‌కి మరీ ఆనుకుని ఉంటే ఫ్యాన్లకి ఊపిరాడదు. బరువైన కార్డుకి కింద సపోర్ట్ స్టాండ్ పెట్టడం మర్చిపోకండి, రెండు కిలోల పైన బరువు ఏళ్ళతరబడి ఒక స్లాట్ మీద వేలాడితే లాక్ దగ్గర బోర్డు చిట్లిన సందర్భాలున్నాయి, అలా చిట్లితే బాగుచెయ్యడం చాలా కష్టం.

దుమ్ము సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు. రెండు మూడు నెలలకోసారి ఎయిర్ బ్లోయర్‌తో ఊదండి, పీసీ ఆఫ్ చేసి, బాల్కనీలోకి తీసుకెళ్ళి. ఊదేటప్పుడు కార్డు ఫ్యాన్ రెక్కని వేలితో గట్టిగా ఆపి పట్టుకోండి, బ్లోయర్ గాలికి అది విపరీతమైన స్పీడులో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. వ్యాక్యూమ్ క్లీనర్ మూతి బోర్డు దగ్గరికి తీసుకెళ్ళొద్దు, స్టాటిక్ ప్రమాదం. ఇంట్లో ఎయిర్ కూలర్ వాడేవాళ్ళు దాని గాలి నేరుగా పీసీ మీదకి పెట్టకండి, తడి గాలికి దుమ్ము రెక్కలకి అంటుకుపోయి గట్టిపడుతుంది, బోరు నీళ్ళైతే ఆ తుంపర్లలో ఉప్పు కూడా వస్తుంది.

పవర్ కేబుల్ గురించి ఒక మాట, ఇది టెంపరేచర్ గ్రాఫ్‌లో కనబడని వేడి. 4090తో బాగా తెలిసొచ్చిన 12విహెచ్‌పిడబ్ల్యుఆర్ కనెక్టర్ 600 వాట్ల దాకా మోస్తుంది, 12 వోల్టుల దగ్గర అది 50 ఆంపియర్లు, ఆరు పిన్నుల మీద పంచితే ఒక్కోదానికి 8 పైన. ఒక పిన్ సరిగ్గా తగలకపోతే దాని వాటా మిగతావాటి మీద పడి అవి కాగిపోతాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. కాబట్టి పూర్తిగా లోపలికి నొక్కండి, లైట్ వేసి పక్కనుంచి చూడండి, సందు గీత కూడా కనబడకూడదు. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్ల దాకా కేబుల్ తిన్నగా రావాలి, ఆ తర్వాతే వంచాలి, సైడ్ గ్లాస్ నొక్కేస్తుంటే కేస్ మార్చడమే దారి. తర్వాత వచ్చిన 12వి-2ఎక్స్6లో సెన్స్ పిన్నులు (కేబుల్ దిగిందా లేదా కనిపెట్టేవి) పొట్టిగా చేశారు, పూర్తిగా దిగకపోతే పవర్ రాదు, అదే ఉంటే ఇంకా మంచిది. సందు సందుకీ దొరికే పేరులేని అడాప్టర్లు మాత్రం వద్దే వద్దు, అంత ఖరీదైన కార్డుకి పవర్ సప్లైతో వచ్చిన అసలు కేబులే వాడండి.

ఇక విప్పాల్సి వస్తే

ఇంత చేసినా హాట్‌స్పాట్ తేడా 25 పైనే ఉంటే, లేదా మెమరీ 105 దాటుతుంటే, అప్పుడు విప్పే మాట. వారంటీ ఉంటే ముందు సర్వీస్‌కే పంపండి, చాలా కార్డుల్లో ఒక స్క్రూ మీద స్టిక్కర్ ఉంటుంది, అది చిరిగితే గొడవ. 5090 ఫౌండర్స్ ఎడిషన్ అయితే ఇంట్లో అస్సలు విప్పొద్దు, అందులో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ ఉంది, కరెంటు పారే ద్రవం, బోర్డు మీద బొట్టు పడితే అంతే. మిగతా కార్డులకి కూడా లిక్విడ్ మెటల్ ఆలోచన వద్దు, అది అల్యూమినియంని తినేస్తుంది కూడా.

కొనే ముందు మీ కార్డు మోడల్‌కి థర్మల్ ప్యాడ్ల (మెమరీకీ హీట్‌సింక్‌కీ మధ్య పెట్టే మెత్తటి ముక్కలు) మందం ఎంతో కచ్చితంగా తెలుసుకోండి, కంపెనీకి మెయిల్ పెట్టి అడిగినా పర్లేదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. మెమరీ మీద అర మిల్లీమీటర్ మందం ఎక్కువైతే హీట్‌సింక్ పైకి లేచిపోయి చిప్పుకే సరిగ్గా ఆనదు, మెమరీ చల్లబడి చిప్పు కాలుతుంది. పాత ప్యాడ్‌ని కొలిచి అదే సైజు తెస్తే కుదరదు, అది ఏళ్ళపాటు నలిగి పల్చబడి ఉంటుంది. మందం తేలకపోతే థర్మల్ పుట్టీ వాడండి, మైనంలా ఎంత సందుంటే అంతకి సర్దుకుంటుంది. పేస్ట్ పల్చటిది వద్దు, చిప్పు వేడెక్కి చల్లారుతూ వంగుతూ ఉంటే పల్చటి పేస్ట్ మెల్లగా అంచులకి జారిపోతుంది, విప్పినప్పుడు మధ్యలో ఖాళీ, చుట్టూ గట్లు కట్టిన పేస్ట్ కనిపించేది అందుకే. హనీవెల్ పీటీఎం7950 అనే షీట్ దొరికితే నా ఓటు దానికే, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి పరుచుకుంటుంది, జారిపోదు. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడిగి చూడొచ్చు, ఆన్‌లైన్‌లో నకిలీలు ఎక్కువ, అమ్మేవాడి రివ్యూలు చూసి తీసుకోండి.

పది నిమిషాలు గేమ్ ఆడి పాత పేస్ట్ మెత్తబడ్డాక ఆఫ్ చేసి ప్లగ్ పీకి కార్డు తియ్యండి. వెనక చిప్పు చుట్టూ స్ప్రింగ్ ఉన్న నాలుగు స్క్రూలుంటాయి, ఒకదాన్ని పూర్తిగా విప్పకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా వదులు చెయ్యండి. హీట్‌సింక్‌ని ఒక్కసారిగా లాగొద్దు, అటూ ఇటూ కాస్త తిప్పితే పట్టు వదులుతుంది, వదలగానే ఆగండి, లోపల ఫ్యాన్ వైర్లు, లైట్ల వైర్లు బోర్డుకి ఇంకా తగిలే ఉంటాయి, వాటి సాకెట్లు చాలా చిన్నవి, వైరు పట్టుకుని లాగితే సాకెట్టే ఊడొస్తుంది. చిప్పు మీద మూత ఉండదు, మెరిసే గాజులాంటి సిలికాన్ నేరుగా బయటే ఉంటుంది, దాని మూలలకి లోహం తగలనివ్వొద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగు లేని గుడ్డతో తుడవండి. పాత ప్యాడ్ల చుట్టూ నూనెలా కనిపిస్తే కంగారుపడకండి, సిలికాన్ నూనె, తుడిస్తే పోతుంది, 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణెం కోసం కార్డులతో చేసే మైనింగ్ ఆగాక మార్కెట్లోకి వచ్చిన పాత కార్డుల్లో ఇది మరీ ఎక్కువ.

పేస్ట్ అయితే మధ్యలో బొట్టు పెట్టి వదిలేయకుండా చిప్పు మొత్తం, నాలుగు మూలలతో సహా పల్చగా పరవండి, ఒక మూల వదిలేస్తే హాట్‌స్పాట్ అక్కడే తేలుతుంది. పీటీఎం షీట్ అయితే ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, చిప్పు సైజుకి కత్తిరించి, ఒక వైపు పొర తీసి అంటించి రెండో పొర తియ్యండి, ఫ్రిజ్‌లో పెట్టకపోతే పొరతో పాటు అది కూడా లేచొస్తుంది. బిగించేటప్పుడు కూడా ఎదురెదురు మూలలే, కొంచెం కొంచెంగా, స్క్రూ దానంతట అది ఆగేదాకా, ఆగాక ఇంకా తిప్పొద్దు.

మొదటిసారి ఆన్ చేశాక గేమ్ వెంటనే పెట్టొద్దు. ముందు అన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయా చూడండి, తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఏదైనా తేలికైన గేమ్ నడపండి. నిమిషంలోపే హాట్‌స్పాట్ వందకి ఎగబాకితే ఆఫ్ చేసెయ్యండి, ప్యాడ్ మందం తప్పింది లేదా ఒక వైపు బిగుసుకోలేదు, మళ్ళీ విప్పి చిప్పు మీద పేస్ట్ అచ్చు చూస్తే ఏ వైపు ఆనలేదో తెలిసిపోతుంది. పీటీఎం వేసినవాళ్ళకి మొదటి రెండు మూడు సార్లు నెంబర్ అంత గొప్పగా రాదు, వేడెక్కి చల్లారే కొద్దీ పల్చబడి దిగుతుంది. నిలకడగా ఉందనిపించాక అదే గేమ్, అదే సీన్, అదే అరగంట మళ్ళీ నడిపి మూడు నెంబర్లూ గది టెంపరేచర్‌తో సహా పాతవాటి పక్కనే రాసుకోండి, వచ్చే ఏడాది మే నెలలో కార్డు 83 చూపించినప్పుడు మళ్ళీ విప్పాలా, కేస్ దుమ్ము ఊదితే చాలా అనేది ఆ కాగితం చూసే తేల్చుకోవచ్చు.